నీరు వేడిని మోస్తుంది, మింగదు

విజ్ఞానశాస్త్ర ఫలితాలు పెద్ద సంస్థల ప్రాంగణాలను దాటి సామాన్యుని ఇంటిలోకి అడుగుపెట్టినప్పుడు, వాటి వెంట కొన్ని బాధ్యతలు కూడా అడుగుపెడతాయి. ఒకప్పుడు కంప్యూటరు అంటే ప్రత్యేకంగా చల్లబరచిన మందిరంలో, నిపుణుల పర్యవేక్షణలో, సామాన్యుని కంటికి దూరంగా ఉండే యంత్రం. నేడు అది సీతమ్మధారలోని రెండు గదుల అద్దె ఇంటిలో, మంచం పక్కన బల్లమీద కూర్చున్నది. ఆ మందిరాన్ని చల్లగా ఉంచే పని ఆనాడు ఇంజనీర్లది. ఈనాడు అది విద్యార్థి మీద పడినది. ఈ సంగతిని మన యువకులు గుర్తించారా అన్నదే నా సందేహం.

కొంతకాలంగా విద్యార్థులలో ఒక ఉత్సాహం వ్యాపిస్తున్నది. ప్రాసెసరును దాని తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి పరుగెత్తించడం, దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటారు. అప్పుడు పుట్టే అధికమైన వేడిని తొలగించడానికి పంపు, గొట్టాలు, రేడియేటరుతో నీటి శీతలీకరణను అమర్చుకోవడం అందులో రెండవ మెట్టు. ఈ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. యంత్రం మూత విప్పి చూడాలనుకునే విద్యార్థి, విప్పకుండా వాడుకొనే విద్యార్థి కంటె ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటాడు. నా అభ్యంతరమల్లా ప్రణాళిక సాగే క్రమంతోనే. ముందు రంగుదీపాల పంపును ఎంచుకుంటారు, తరువాత గొట్టాలు, ఆ తరువాత రేడియేటరు. గది సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఈ క్రమం తలకిందులు కావాలని నా అభిప్రాయం. ముందు ఆలోచించవలసినది గది కిటికీ గురించి. ప్రాసెసరు వరకు రావలసినది ఆఖరున. ఎందుకంటే నీరు వేడిని మోస్తుందే గాని మింగదు.

మొదట వేడి ఎక్కడినుండి పుడుతున్నదో చూద్దాం. ప్రాసెసరు ఖర్చుచేసే విద్యుచ్ఛక్తిలో ప్రధానభాగం రెండు రాశులపై ఆధారపడి ఉంటుంది: ఒకటి పౌనఃపున్యం, రెండవది వోల్టేజి. పౌనఃపున్యం రెట్టింపైతే వేడి రెట్టింపవుతుంది. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. వేగం పెంచినప్పుడు ప్రాసెసరు తడబడకుండా ఉండడానికి వోల్టేజిని కూడా పెంచవలసి వస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. ఉదాహరణకు 5 గిగాహెర్ట్జ్ వేగంతో 1.25 వోల్టుల వద్ద పనిచేసే ప్రాసెసరును 5.3 గిగాహెర్ట్జ్‌కు చేర్చడానికి 1.40 వోల్టులు అవసరమయ్యాయని అనుకుందాం. లెక్క కట్టి చూడండి: వేగం నూటికి 6 వంతులు పెరిగినది, వేడి నూటికి 33 వంతులు పెరిగినది. గోరంత వేగానికి కొండంత వేడి! ఆటలోనో, గణనలోనో ఆ 6 వంతుల తేడా కంటికి కనబడేది అరుదు. 33 వంతుల వేడి మాత్రం గదిలోని ప్రతివారి ఒంటికీ తెలుస్తుంది.

అసలు ఓవర్‌క్లాకింగ్ జోలికి పోకముందే నేటి ప్రాసెసర్ల వేడి తక్కువేమీ కాదు. 2023లో విడుదలైన ఇంటెల్ కోర్ ఐ9-14900కె అనే ప్రాసెసరుకు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ శక్తి పరిమితి 253 వాట్లు. నీళ్ళు కాచుకునే 1000 వాట్ల ఇమ్మర్షన్ హీటరులో ఇది నాలుగవ వంతు. అంతటి వేడి తపాలాబిళ్ళ కంటె చిన్నదైన సిలికాన్ ఫలకంలోనుండి పుట్టుకొస్తున్నదంటే, దానిని బయటికి తీయడం ఎంత సూక్ష్మమైన సమస్యో ఊహించుకోవచ్చు.

ఈ సమస్యకు నీటిని ఆశ్రయించడం కొత్త సంగతి కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1980లో ప్రకటించిన 3081 అనే పెద్ద కంప్యూటరులో చిప్పుల సముదాయాన్ని చల్లబరచినది నీరే. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటరులో సెమూర్ క్రే మరొక అడుగు ముందుకు వేసి, విద్యుత్ ప్రసరించని ప్రత్యేక ద్రవంలో విద్యుత్ పలకలనే ముంచివేశాడు. ఆ యంత్రాలన్నింటిలోనూ ఒక సమాన లక్షణం కనబడుతుంది. ద్రవం వేడిని తీసుకున్న తరువాత ఆ వేడి భవనం దాటి ఎక్కడికి పోవాలో ముందుగానే నిర్ణయమై ఉండేది. మన ఇళ్ళలో అమర్చుకొనే సాధనాలలో కొరవడినది ఆ నిర్ణయమే.

ఈ పాఠం నేర్చుకోవడానికి విశాఖవాసులు దూరదేశాలకు పోనక్కరలేదు. మన ఉక్కు కర్మాగారంలోని గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేసుల గోడలు కరిగిపోకుండా నిలుస్తున్నవంటే వాటిలో నిరంతరం ప్రవహించే నీరే కారణం. అదే కర్మాగారంలో మరొక విశేషం ఉన్నది. బట్టీనుండి సుమారు 1000 డిగ్రీల వేడితో ఎర్రగా బయటపడే కోక్ బొగ్గును పాతపద్ధతిలో నీళ్ళు కుమ్మరించి ఆర్పితే ఆ వేడి అంతా ఆవిరిమేఘమై ఆకాశం పాలవుతుంది. మన కర్మాగారంలో అలా కాదు. ముఖ్యంగా నైట్రోజన్‌తో కూడిన వాయువును కోక్ గుండా తిప్పి, అది మోసుకొచ్చిన వేడితో బాయిలరులో నీటిఆవిరి తయారుచేసి, ఆ ఆవిరితో విద్యుత్తును కూడా పుట్టిస్తారు. ఈ పద్ధతిని రూపొందించినవారు మొదట వేసుకున్న ప్రశ్న "దేనితో చల్లబరుద్దాం?" అన్నది కాదు, "ఈ వేడి ఎక్కడికి పోవాలి?" అన్నది. ఇంటి కంప్యూటరుకు శీతలీకరణ యోచించే విద్యార్థి వేసుకోవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఇక నీటి స్వభావాన్ని పరిశీలిద్దాం. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4186 జౌళ్ళ శక్తి కావాలి. సామాన్య ద్రవాలలో ఇంతటి విశిష్టోష్ణం కలిగినది అరుదు. నిమిషానికి ఒక లీటరు నీరు ప్రవహిస్తూ 300 వాట్ల వేడిని మోస్తే ఆ నీరు వేడెక్కేది 4 డిగ్రీల పైచిలుకు మాత్రమే. నిమిషానికి 4 లీటర్లు ప్రవహిస్తే ఒక్క డిగ్రీ. కాబట్టి ముందు ప్రాసెసరుకా, గ్రాఫిక్స్ కార్డుకా, ఏ రేడియేటరు ఎక్కడ అంటూ గొట్టాల వరుస గురించి సాగే వాదోపవాదాలకు పెద్ద విలువ లేదు. పంపు ఎన్నడూ ఎండిపోకుండా నీటితొట్టి దానికి పైన, దగ్గరగా ఉంటే చాలు.

అయితే నీటి గొప్పతనం అంతటితో ముగుస్తుంది. రేడియేటరు లేకుండా ఒక లీటరు నీటిని అలాగే తిప్పుతూ 300 వాట్ల వేడిని అందులోకి పంపితే, 30 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 7 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత నీరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నిజానికి చల్లబరిచేది నీరు కాదు, రేడియేటరు గుండా వీచే గాలి. నీరు కేవలం కూలివాడు. బరువును ఒకచోట ఎత్తుకొని మరొకచోట దించుతాడు. దించే చోటు నిండిపోతే కూలివాడు ఎంత బలవంతుడైనా ప్రయోజనం లేదు.

ఆ దించే చోటు మన గదిలోని గాలి. విశాఖ గాలి స్వభావం మనందరికీ తెలిసినదే: ఉక్కపోత. ఉర్దూ మాట్లాడే మిత్రుల ఇళ్ళలో సురాహి అనీ, తెలుగువారి ఇళ్ళలో కూజా అనీ పిలిచే మట్టిపాత్ర వేసవిలో నీటిని ఎలా చల్లబరుస్తుందో అందరికీ తెలుసు. పాత్ర చెమర్చి, ఆ తేమ ఆవిరై, ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. వట్టివేళ్ళ తడికల రహస్యం కూడా అదే. అయితే ఈ ఉపాయం పొడిగాలిలో ఫలించినట్లు తేమగాలిలో ఫలించదు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఎంతవరకు దిగుతుందో అంతవరకే బాష్పీభవనం చల్లబరచగలదు. హైదరాబాదులో ఒక మే మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, నూటికి 20 వంతుల తేమ ఉంటే ఆ ఉష్ణమాపకం సుమారు 23 డిగ్రీలకు దిగుతుంది. అంటే 17 డిగ్రీల లాభం. విశాఖలో 32 డిగ్రీల వేడి, నూటికి 75 వంతుల తేమ ఉంటే అది 28 వద్దనే ఆగిపోతుంది. లాభం 4 డిగ్రీలు. అక్కడివారు ఎయిర్‌కూలరు పక్కన కంప్యూటరు పెట్టుకొని పొందిన ఫలితాన్ని ఇక్కడ ఆశించడం అడియాసే అవుతుంది. పైగా కూలరు ఇచ్చే తేమ, సముద్రపు ఉప్పుగాలితో కలిసి లోహభాగాలకు తుప్పు తెస్తుంది.

మూసిన గొట్టాలలో తిరిగే నీటికి బాష్పీభవనపు లాభం కూడా లేదు. రేడియేటరు ఎంత పెద్దదైనా అందులోని నీరు గదిగాలి కంటె చల్లబడదు. బాగుగా అమర్చిన సాధనంలో కూడా నీరు గాలికంటె 5 నుండి 10 డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. సీలింగ్ ఫ్యాను గాలి మన ఒంటికి చల్లగా తగలడానికి కారణం మన చెమట. లోహానికి చెమట లేదు గనుక గది 34 డిగ్రీలుంటే ఫ్యాను వేసినా, వేయకున్నా దానికి అందేది 34 డిగ్రీల గాలే.

కొందరు సాహసికులు నీటితొట్టిలో మంచుగడ్డలు వేద్దామనో, గొట్టాన్ని ఫ్రిజ్ గుండా తిప్పుదామనో యోచిస్తుంటారు. వారికి ఒక హెచ్చరిక. పైన చెప్పిన 32 డిగ్రీలు, 75 వంతుల తేమ గల గాలికి తుషారస్థానం సుమారు 27 డిగ్రీలు. అంతకంటె చల్లనైన ఏ ఉపరితలం మీదనైనా ఆ గాలిలోని తేమ నీటిబొట్లుగా పేరుకుంటుంది. ఐస్‌నీళ్ళ గ్లాసు బయట చెమర్చడం రోజూ చూస్తున్నదే. అదే చెమట మదర్‌బోర్డు మీద, ప్రాసెసరు సాకెట్టులో పడితే గొట్టం ఎక్కడా కారకుండానే యంత్రం నీటిపాలవుతుంది. ఫ్రిజ్ సంగతి మరీ విచిత్రం. ఇంటి ఫ్రిజ్‌ను నిర్మించినది వండిన కూరలను, పాలను అప్పుడప్పుడు చల్లబరచడానికి; గంటల తరబడి వందలాది వాట్లు ఎత్తిపోయడానికి కాదు. పైగా అది తీసిన వేడిని తన వెనుకభాగం నుండి మళ్ళీ అదే ఇంటిలోకే వదులుతుంది.

ఇప్పుడు ఒక గదిని ఊహించి ప్రణాళిక వేద్దాం. సీతమ్మధారలో రెండవ అంతస్తు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా 10 అడుగులు. ఒక కిటికీ, ఒక తలుపు, ఒక సీలింగ్ ఫ్యాను. కంప్యూటరులో ప్రాసెసరు 280 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు, వెరసి 500 వాట్లు. ఆ గదిలోని గాలి బరువు సుమారు 33 కిలోగ్రాములు. తలుపు, కిటికీ మూసి, గోడలు ఏమీ పీల్చుకోవనుకుంటే ఆ గాలి నిమిషం పైచిలుకు కాలానికి ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. గోడలు కొంత పీల్చుకుంటాయి గనుక వాస్తవంలో ఇంత వేగంగా జరగదు. కాని ఎండకు కాగిన స్లాబు కింద, సాయంత్రం వేళ ఆ గోడలు సైతం వేడిని తిరిగి ఇచ్చేవే గాని తీసుకొనేవి కావు. గది 38 డిగ్రీలకు చేరితే నీరు 46కు, ప్రాసెసరు అంతకు తగినట్లు పైకి చేరవలసిందే. ఎంత డబ్బు పోసి కొన్న రేడియేటరైనా ఈ కూడికను తప్పించలేదు.

కనుక మొదటి ఖర్చు కిటికీ మీద పెట్టాలి. గదిగాలి బయటిగాలి కంటె 3 డిగ్రీలకు మించి వేడెక్కకుండా 500 వాట్లను బయటికి పంపాలంటే నిమిషానికి సుమారు 300 ఘనపుటడుగుల గాలి మారాలి. మామూలు 9 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను ఈ పనికి చాలును. అయితే ఎదురుగా గాలి లోనికి వచ్చే దారి ఉండాలి. దారి లేని ఎగ్జాస్టు ఫ్యాను శబ్దం చేస్తుందే గాని పని చేయదు. గదిలో ఏసీ ఉన్నవారికి వేరే లెక్క. ఒక టన్ను ఏసీ తొలగించగల వేడి సుమారు 3500 వాట్లు. అందులో ఏడవ వంతును మీ కంప్యూటరు ఒక్కటే తినివేస్తుంది. ఆ కరెంటు బిల్లు కట్టేది ఎవరో విద్యార్థి ఒక్కసారి ఆలోచించాలి.

రెండవది రేడియేటరు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి పట్టేంత రేడియేటరుకు 100 నుండి 150 వాట్లు అన్నది అనుభవజ్ఞులు వాడే కొండగుర్తు. మన గాలికి 100 వాట్ల లెక్కే మేలు. అంటే 500 వాట్లకు 5 ఫ్యానుల వైశాల్యం కావాలి. ఒక రేడియేటరు వదిలిన వేడిగాలినే మరొకటి పీల్చుకోకుండా చూడాలి. ఉప్పుగాలి, రోడ్డు దుమ్ము కలిసి రెక్కల మధ్య పేరుకుంటాయి గనుక నెలకొకసారి శుభ్రం చేయడం తప్పనిసరి.

మూడవది నీరు, లోహాలు. కుళాయి నీరు, బోరునీరు పనికిరావు. వాటిలోని లవణాలు సన్నని దారులలో పేరుకుంటాయి. స్వేదనజలం వాడాలి. అందులో పాచి పట్టకుండా, లోహం తినివేయబడకుండా తగిన మందులు కలపాలి. రాగి, అల్యూమినియం రెండూ ఒకే గొట్టాల వరుసలో ఉండరాదు. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో చదువుకొన్న గాల్వానిక్ ఘటం ఆ క్షణమే మీ క్యాబినెట్టులో వెలుస్తుంది. అందులో క్షయమయ్యేది అల్యూమినియం. కారు రేడియేటరులో పోసే సాధారణ కూలెంటులో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ విషపదార్థం. చిన్నపిల్లలున్న ఇంటిలో దానిని సీసాలలో నిలువ ఉంచడం ప్రమాదకరం.

నాలుగవది పరీక్ష. గొట్టాలు బిగించాక మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్ తీగలేవీ కలపకుండా, పంపుకు మాత్రమే విద్యుత్ ఇచ్చి, అతుకుల కింద పొడి కాగితాలు పరచి, ఒక పగలు ఒక రాత్రి నడిపించాలి. కాగితం తడవకపోతేనే ముందడుగు. కరెంటు పోయినప్పుడు భయపడవలసిన పనిలేదు. పంపు ఆగినట్లే వేడి పుట్టడం కూడా ఆగుతుంది. భయపడవలసినది కంప్యూటరు నడుస్తుండగా పంపు ఒక్కటే ఆగినప్పుడు. పంపు వేగాన్ని తెలిపే తీగను మదర్‌బోర్డుకు కలిపి, అది ఆగితే యంత్రం కూడా ఆగిపోయేలా అమర్చుకోవాలి. ఇళ్ళలో సామాన్యంగా కనబడే 600 వి.ఎ. యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు మాత్రమే. 500 వాట్ల యంత్రాన్ని అది మోయలేదన్న సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇవన్నీ అమర్చుకున్న తరువాత విద్యార్థి చూడవలసినవి నాలుగు అంకెలు: బయటిగాలి, గదిగాలి, నీరు, ప్రాసెసరు. ఈ నాలుగింటి మధ్య మూడు అంతరాలు ఉన్నాయి. లోపం ఎక్కడున్నదో అవే చెబుతాయి. గదికి, బయటికి మధ్య అంతరం ఎక్కువగా ఉంటే దోషం కిటికీది. నీటికి, గదికి మధ్య ఎక్కువైతే రేడియేటరు చాలలేదన్నమాట. ప్రాసెసరుకు, నీటికి మధ్య ఎక్కువైతే థర్మల్ పేస్టును, బ్లాకు బిగింపును చూసుకోవాలి. అవి సరిగా ఉండి కూడా తగ్గకపోతే అది ఆ సిలికాన్ ఫలకపు సహజలక్షణం, దానిని ఏ పంపూ మార్చలేదు. వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. ఈ మూడు అంతరాలు కొలవకుండా కొత్త సామాను కొనడం నాడి చూడకుండా మందు మింగడమే.

నీటి శీతలీకరణను సమర్థించేవారి వాదంలో సత్యం లేకపోలేదు. పెద్ద రేడియేటరు మీద ఫ్యానులు మెల్లగా తిరుగుతాయి గనుక శబ్దం తక్కువ. ఒకే గదిలో ఒకరు చదువుకొంటూ, ఒకరు నిద్రపోతూ ఉండే ఇళ్ళలో ఇది చిన్న సౌకర్యం కాదు. కొద్ది నిమిషాల భారీ పనిలో ఆ లీటరు నీరు వేడిని తాత్కాలికంగా దాచుకొని ఉపకరిస్తుంది. అన్నింటికంటె మించి, తన చేతితో గొట్టం కోసి బిగించినవాడు ఉష్ణశాస్త్రాన్ని పుస్తకంలో చదివినవాని కంటె గాఢంగా నేర్చుకుంటాడు. ఈ మూడూ నేను ఒప్పుకొంటాను. నా వాదమల్లా, ఇవి నీటి శీతలీకరణకు కారణాలు కావచ్చును గాని, ఓవర్‌క్లాకింగ్‌కు కావని. శబ్దం తగ్గాలంటే వేడిని పెంచడమెందుకు?

ఇదే సూత్రాన్ని వెనుకకు తిప్పి చూడండి. 5 గిగాహెర్ట్జ్‌ను 4.7కు దించి, వోల్టేజిని 1.25 నుండి 1.12కు తగ్గించగలిగితే వేగంలో నష్టం 6 వంతులు. వేడిలో తగ్గుదల దాదాపు 25 వంతులు. దీనికి రూపాయి ఖర్చు లేదు, కారిపోయే గొట్టం లేదు. సాధ్యమైనంత వోల్టేజి తగ్గించి యంత్రం నిలకడగా పనిచేసే హద్దును కనుగొనడం కూడా ఓవర్‌క్లాకింగ్ అంతటి ఓర్పు, నేర్పు కోరే విద్యే. వోల్టేజి విషయంలో అజాగ్రత్త ఎటు తీసుకుపోతుందో 2024లో ప్రపంచమంతా చూచినది. ఇంటెల్ సంస్థ 13వ, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వలన క్రమంగా బలహీనపడి అస్థిరమవుతున్నాయని ఆ సంస్థే అంగీకరించి, మైక్రోకోడ్‌ను సవరించి, వారంటీని మరి రెండేళ్ళు పొడిగించినది. తయారీదారు అమరికలోనే ఇట్టి చిక్కు ఎదురైనప్పుడు, ఇంటిలో చేతికి తోచినట్లు వోల్టేజి పెంచేవారు ఎంత జాగరూకులై ఉండాలో చెప్పనక్కరలేదు.

ఇదంతా ఒక గదికి, ఒక బల్లకు సంబంధించిన ముచ్చట అనుకుంటే పొరపాటు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో కృత్రిమ మేధకు చెందిన బృహత్తర డేటా కేంద్రాన్ని స్థాపిస్తామని, అయిదేళ్ళలో సుమారు 1500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించినది. దాని విద్యుత్ పరిమాణం గిగావాట్ల స్థాయిదని చెప్పారు. మన విద్యార్థి బల్లమీది 500 వాట్లు ఎక్కడ, 100 కోట్ల వాట్లు ఎక్కడ? అయినా ప్రశ్న ఒక్కటే: ఈ వేడి ఎక్కడికి పోవాలి? ఇంటి కంప్యూటరులోని లీటరు నీరు మూసిన గొట్టాలలో తిరుగుతూ నెలల తరబడి అలాగే ఉంటుంది. ఒక గిగావాటు వేడిని పూర్తిగా నీటి బాష్పీభవనంతోనే తొలగించదలిస్తే, గుప్తోష్ణపు లెక్క ప్రకారం రోజుకు దాదాపు మూడున్నర కోట్ల లీటర్ల నీరు ఆవిరవుతుంది. గాలితోనో, మూసిన వలయాలతోనో, సముద్రజలంతోనో చల్లబరిస్తే ఆ లెక్క మారుతుంది. అప్పుడు కరెంటు ఖర్చు, సముద్రంలోకి చేరే వేడి లెక్కలోకి వస్తాయి. ఏ మార్గమైనా మూల్యం లేనిది కాదు. ఈ విషయంలో ఊరివారు అడగవలసిన ప్రశ్నలను పదునుగా అడగగలిగేది ఎవరు? తన గదిలోని 500 వాట్లకు కాగితం మీద లెక్క కట్టి, ఉష్ణమాపకంతో సరిచూచుకున్న విద్యార్థే. భయంతో వ్యతిరేకించడం, మోజుతో స్వాగతించడం, రెండూ లెక్క తెలియనివారి పనులు.

కాబట్టి కళాశాల పాలకవర్గం వారికి నాదొక సూచన. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లమీద ఇట్టి సాధనాన్ని ఒకదానిని నెలకొల్పాలి. ఖరీదైన ప్రాసెసరు అవసరం లేదు. 250 వాట్ల విద్యుత్ హీటరు బిగించిన రాగిదిమ్మ, చిన్న పంపు, రేడియేటరు, కొన్ని ఉష్ణమాపకాలు, గాలిలోని తేమను కొలవడానికి పొడిబల్బు, తడిబల్బు జంట ఉష్ణమాపకం చాలును. డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి విద్యార్థులు కొలతలు తీసి, ఆ పట్టికలను తెలుగులోను ఉర్దూలోను ఈ సంచికలోనే ప్రకటించాలి. విశాఖ గాలిలో తీసిన కొలతలు విశాఖవాసులకే ఉపకరిస్తాయి. చలిదేశాల గదులలో తీసిన కొలతలు చదివి సామాను కొనే దురవస్థ మన పిల్లలకు తప్పుతుంది.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది మరొకటి ఉన్నది. మీ తల్లిదండ్రులు కంప్యూటరు కొనిచ్చినది చదువు కొరకు. అది పరీక్షల ముందు చెడిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. నీటి శీతలీకరణ అమర్చుకోవాలన్న కోరిక ఉంటే అమర్చుకోండి. అయితే సామానుల పట్టిక రాయడానికి ముందు, ఒక వారం రోజులు గదిగాలి, బయటిగాలి ఉష్ణోగ్రతలను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రాసి ఉంచండి. వోల్టేజి తగ్గించి ఏమి మిగులుతుందో చూడండి. కిటికీకి ఎగ్జాస్టు ఫ్యాను బిగించి ఏమి మారిందో చూడండి. ఆ తరువాత కూడా మీ లెక్క నీటిని కోరితే అది నిజమైన అవసరం. అప్పుడు మీ పెద్దలను ఒప్పించడానికి మీ చేతిలో ఆ కొలతల కాగితమే ఉంటుంది. లెక్క కోరకపోతే, ఆ డబ్బు మిగిలినట్లే, ఆ జ్ఞానమూ మీకు దక్కినట్లే.